పదహారు డిగ్రీల దిద్దుబాటు

ఉష్ణశాలలో పొద్దున ఏడు గంటల వేడి లెక్క నూట నలభై మూడో బోటు దాకా వచ్చేసరికి సత్యవేణి టీ చల్లారిపోయింది. నూట నలభై మూడు, డెబ్బై ఎనిమిది డిగ్రీలు. నూట నలభై నాలుగు, ఎనభై మూడు. బోటు నడిపే సరంగు కొత్తవాడు, ఇంజన్ని ఊరికే ఏడిపిస్తున్నాడు. నూట నలభై అయిదు, డెబ్బై ఏడు. ఆమె ప్రతి అంకె మీదా వేలు ఆనించి ‘సాధారణం’ అని ఒప్పుకుంటూ పోయింది. డెబ్బై నాలుగుకీ ఎనభై ఆరుకీ మధ్య ఏదున్నా సాధారణమే. ఆ హద్దు దాటితే మాత్రం ‘నిలకడ’ అనే కాపలా యంత్రం ఊరుకోదు. మూడు నిమిషాలు చూస్తుంది, ఆ తర్వాత తోడుబోటును పంపి ఆ బోటును ఒడ్డుకు లాక్కొచ్చేస్తుంది. ఎవరినీ అడగదు, ఎవరు చెప్పినా వినదు.

నూట అరవై ఒకటి దగ్గర ఆమె వేలు ఆగింది. రోజూ అక్కడే ఆగుతుంది.

మాణిక్యాంబ బోటు. ఎనభై. నిన్న ఎనభై, మొన్న ఎనభై. అంకెలు చూపించే అద్దం మీద దాని గీత స్కేలు పెట్టి గీసినట్టు పోతోంది. తేలుగడ్డ రేవు నుంచి బయల్దేరే రెండు వందల పన్నెండు బోట్లకీ ఆ గీతే మాదిరి. ఆరేళ్ళ కిందట నిలకడను తెచ్చి పెట్టినప్పుడు, సాధారణం అంటే ఏమిటో నేర్పడానికి దానికి ఒక ఇంజను కావాల్సి వచ్చింది. రేవంతా వెతికి మాణిక్యాంబను ఎంచుకున్నారు. దాని మెకానిక్ గరికిన మంగతాయారు. అంటే సత్యవేణి రోజుకి నాలుగుసార్లు రెండు వందల పదకొండు ఇంజన్లను మంగతాయారు ఇంజనుతో పోల్చి, ఎవరు ఎంత తక్కువో రాసిపెట్టాలి. దీనికి జీతం కూడా ఇస్తారు!

తను మెకానిక్కుగా ఉన్నప్పుడు మంగకి పని నేర్పింది సత్యవేణే. పానా ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియని రోజుల్లో వచ్చింది, పదిహేడేళ్ళ పిల్ల. తొమ్మిదేళ్ళు పక్కన పెట్టుకుని నేర్పింది. చివరికి ఏకు మేకయింది. అది కూడా ఓర్చుకునేదేమో గాని, మాదిరి గీతకు పూజ చేసిన రోజున మంగ మైకు ముందు నిలబడి, “నాకు ఇంజనే గురువండి” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేణి కూడా కొట్టింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆరేళ్ళయినా మంగ పేరు వింటే ఆమెకు అన్నం సహించదు.

ఇంజను తలకాయకు తగిలించిన ‘చెవిపోగు’ అనే చిన్న పరికరం లోపలి వేడిని కొలిచి ఉష్ణశాలకు పంపుతుంది. సముద్రం మీద చెవిపోగుకు ఉప్పు పడుతుంది, ఉప్పు పట్టినది ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చెబుతుంది. అందుకని ఉష్ణశాలలో కూర్చున్నవారు దానికి అయిదు రోజులకోసారి రెండు డిగ్రీల దాకా కలపవచ్చు. దాన్ని దిద్దుబాటు అంటారు. బోటులో వాళ్ళకు కనిపించేది దిద్దిన అంకే.

నలభై రెండు రోజుల కిందట సత్యవేణి మాణిక్యాంబకు రెండు డిగ్రీలు కలిపింది. చెవిపోగుకు ఉప్పేమీ పట్టలేదు. ఎనభై రెండు చూపిస్తే గీత వంకరపోతుంది, వంకరపోతే మాదిరి ఇంకో బోటుకు వెళుతుంది. అంతే ఆమె కోరుకున్నది. కానీ సాయంత్రానికల్లా మంగ నీళ్ళ కుళాయి ఇంకొంచెం తెరిచి ఇంజన్ని చల్లబరిచి, అంకెను మళ్ళీ ఎనభై దగ్గర కూర్చోబెట్టింది. సత్యవేణి అయిదు రోజులు ఆగి ఇంకో రెండు కలిపింది. మంగ మళ్ళీ సరిచేసింది. అలా ఎనిమిదిసార్లు. ఇప్పుడు అద్దం మీద ఎనభై అని ఉంటే, నిజంగా ఆ ఇంజను అరవై నాలుగు దగ్గర నడుస్తోంది.

వేడెక్కిన ఇంజను అరుస్తుంది, అందరికీ తెలుస్తుంది. చల్లబడిన ఇంజను చప్పుడు చేయకుండా చస్తుంది. ఇంధనంగా పోసే నాచునూనె పూర్తిగా కాలక, ముడి నూనెగానే జారి అడుగున ఉన్న ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పలచబడి నీళ్ళవుతుంది. ఈ సంగతి రేవులో చాలామంది నమ్మరు. జాతర అయ్యాక అమ్మవారికి పసుపునీళ్ళు పోసి చల్లబరుస్తారు, అదే చేత్తో ఇంజను మీదా ఒక బిందె పోస్తారు. చల్లగా నడిచే ఇంజను నూరేళ్ళు బతుకుతుందని వాళ్ళ నమ్మకం. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను ఆపి ఉంచే వేడితలుపును పీకి సముద్రంలో పారేసే మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. సత్యవేణి జీవితమంతా వాళ్ళతో తగువు పడింది. మంగకు ఆమె నేర్పిన మొదటి పాఠమే ‘వేడితలుపు జోలికి పోకు’ అని.

పన్నెండు రోజుల కిందట మంగ, బోటు నుంచి ఉష్ణశాలతో మాట్లాడే తీగ మీద అడిగింది. “అక్కా, కుళాయి మొత్తం తెరిచేసినా అంకె దిగట్లేదు. వేడితలుపు తీసెయ్యనా?”

సత్యవేణి, “నీ ఇష్టం” అంది.

ఆ రెండు మాటలు ఆమెకు అప్పుడప్పుడు గుర్తొస్తూనే ఉన్నాయి. గుర్తొచ్చినప్పుడల్లా అద్దం మీది తిన్నటి గీత చూసేది, మళ్ళీ కడుపు మండేది, గుర్తొచ్చింది పోయేది.

తొమ్మిదిన్నరకు నూట అరవై ఒకటో తీగ మోగింది.

“వేణక్కా, నేనే.”

“చెప్పు.”

“ఇంజను అదోలా ఉందక్కా. పొగ తెల్లగా వత్తంది. లోపల టకటకమంటంది. అంకె చూత్తే ఎనభై. నీక్కూడా ఎనభయ్యేనా?”

సత్యవేణి అద్దం చూడకుండానే, “ఎనభయ్యే” అంది.

“ఇంకోటక్కా. పది రోజుల్నించీ ఆయిలు పెరుగుతోంది. ఏ ఇంజనైనా ఆయిలు తాగుద్ది గాని, పెంచుద్దా? పుల్ల ముంచి చూత్తే పైగీత దాటేసింది. ముక్కు దగ్గరెట్టుకుంటే నాచునూనె వాసన.”

మంగ వెతికి పట్టుకున్న వరుస చూసి సత్యవేణికి ముందు భయం వేయలేదు, ఈర్ష్య వేసింది. అద్దం లేకుండా, ఇంజను మూత తీయకుండా, ఒక్క పుల్లతో, ముక్కుతో సగం దారి వచ్చేసింది. భయం ఆ తర్వాత వేసింది.

“ఎక్కడున్నారు?”

“ఉప్పాడ గోడకి తూరుపున. పోటు గోడ మీదకే లాగుతోంది. తోడుబోటు పంపవా?”

పూర్వం సముద్రాన్ని ఆపడానికి కట్టిన గోడ అది. ఇప్పుడు సముద్రమే దాని మీద ఉంది. ఇంజను ఆగిన బోటును పోటు తీసుకెళ్ళి ఆ రాళ్ళ మీద పెడుతుంది, ఇక ఏరుకోవడానికి చెక్కలు మిగలవు. మాణిక్యాంబలో మంగతో కలిపి నలుగురు.

సత్యవేణి తోడుబోటు కోరుతూ మీట నొక్కింది. నిలకడ ఎప్పటి గొంతుతోనే బదులిచ్చింది. “నూట అరవై ఒకటి. ఉష్ణం సాధారణం. తోడు అవసరం లేదు.” మళ్ళీ నొక్కింది. అదే జవాబు. ఈసారి ఇంకో ముక్క కలిపింది: “ఇది మాదిరి బోటు. దీని ఉష్ణం అసాధారణం కావడం కుదరదు.”

“ఏమందక్కా?”

“ఒప్పుకోవట్లేదు.”

“పోనీ మూత తీసి చెయ్యెట్టి చూడనా?”

ఇంజను మూతకు ముద్ర ఉంటుంది. పగలగొడితే మెకానిక్కు ఏడాది పాటు రేవులో అడుగు పెట్టకూడదు. సత్యవేణికి ఆ ఏడాది సంగతి తట్టనే లేదు. మంగ చెయ్యి ఇంజను మీద పడితే తన గుట్టు బయటపడుతుందన్నదే ముందు తట్టింది.

“వద్దు. ముద్ర ముట్టుకోకు. వేగం తగ్గించి నడిపించు.”

“సరే అక్కా.”

ఆ ‘సరే’కు సత్యవేణి చెవులు వేడెక్కాయి. పెద్దదాని మాటని, మారు అడగకుండా విన్నది. మంగ తలపొగరుదని ఆరేళ్ళుగా రేవంతా చెప్పుకు తిరిగింది తనే.

నాలుగు నిమిషాల తర్వాత తీగలో ఏదో గట్టిగా కొట్టుకున్న చప్పుడు, మగవాళ్ళ కేకలు, తర్వాత వట్టి నీళ్ళ చప్పుడు వినిపించాయి. ఇంజను ఆగిపోయింది. అద్దం మీద మాత్రం ఎనభై అలాగే ఉంది. ఆగిన ఇంజను చల్లారడానికి కూడా కొంతసేపు పడుతుంది.

“అక్కా.” మంగ గొంతు ఇప్పుడు సన్నగా ఉంది. “మూత తీసేశాను. తప్పలేదు. నువ్వు నేర్పిన లెక్క పెట్టి చూశా.”

అరచెయ్యి ఇంజను తలకాయ మీద ఆనించి అంకెలు లెక్కపెట్టడం ఈ రేవు మెకానిక్కుల పద్ధతి. ఎనభై దగ్గర ‘ఒకటి’ అనేలోపే చెయ్యి లాగేసుకోవాలి.

“నాలుగు దాకా ఆగిందక్కా. ఎనభై మీద నాలుగు ఆగుద్దా ఎక్కడైనా?”

సత్యవేణి అద్దం మీది ఎనభై వైపు చూసింది.

“చెవిపోగు పాడయ్యుంటాది. ఓసారి చూడవా అక్కా? నీకైతే దొరికిపోద్ది. మాకు గంట టైముంది, గోడ కనపడతంది.”

తోడుబోటు వెళ్ళడానికి నలభై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఏదో ఒకటి చెయ్యాలి. సత్యవేణి దిద్దుబాటు పట్టిక తెరిచింది. తను అయిదేసి రోజులకు రెండేసి చొప్పున ఎందుకు కలిపిందో ఆ పట్టిక పైనే రాసి ఉంది: అయిదు రోజుల్లో రెండు డిగ్రీలకు మించి మార్చాలంటే కారణం చెప్పాలి, ఆ కారణం చెప్పినవారి గొంతుతోనే అన్ని బోట్లకూ వినిపించాలి. ఎవరూ దొంగచాటుగా అంకెలు మార్చకూడదని పెట్టిన నియమం. దొంగ ఓపిగ్గా చేస్తే ఏమవుతుందో పెట్టినవాళ్ళకు తట్టినట్టు లేదు.

కారణాల జాబితా చిన్నది. ఉప్పు పట్టింది. తీగ తెగింది. పిడుగు పడింది. మనిషి తప్పు.

ఆమె వేలు ‘ఉప్పు పట్టింది’ మీదకు వెళ్ళింది. ఎవరికీ అనుమానం రాదు, మంగ కూడా అదే అనుకుంటోంది. నొక్కబోతూ ఆగింది. చెవిపోగు పాడైందని చెబితే నిలకడ ఆ బోటు అంకెనే పక్కన పెట్టేస్తుంది. అంకె లేని బోటుకు తోడు పంపదు, లంగరు వేసి మరమ్మతు మనిషి కోసం ఆగమంటుంది. ఆ మనిషి రెండు గంటలకు వస్తాడు. గోడ పక్కన లంగరు నిలవదు. తీగ తెగినా అంతే, పిడుగు పడినా అంతే. చెవిపోగు మంచిదే, అది చెప్పిన అరవై నాలుగు నిజమే, దాన్ని ఒక మనిషి చెడగొట్టిందని చెబితేనే నిలకడకు ఆ ఇంజను అసాధారణమని తెలుస్తుంది.

సత్యవేణి కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని వాళ్ళమ్మ అనేది. తొక్కేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది!

ఇప్పుడు కూడా లోపల ఒక గొంతు అంటూనే ఉంది: ఏమీ చెప్పకు, కాసేపు ఊరుకో, సముద్రం చూసుకుంటుంది, గీత పోతుంది. ఆ గొంతు తనదే. పరాయిదేం కాదు. ఆమెకు తన మీద అసహ్యం వేసింది, అయినా ఆ గొంతు ఆగలేదు. అది మాట్లాడుతుండగానే ‘మనిషి తప్పు’ నొక్కింది.

“ఎవరి తప్పు?” అని అడిగింది నిలకడ. రెండు వందల పన్నెండు బోట్లలోనూ మాటల పెట్టెలు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

“ఉమ్మిడి సత్యవేణి. ఉష్ణశాల.”

“తప్పు ఏమిటి?”

“మాణిక్యాంబకు లేని దిద్దుబాటు కలిపాను. పదహారు డిగ్రీలు. నలభై రెండు రోజుల్లో, ఎనిమిదిసార్లు.”

“కారణం?”

“ఓర్వలేక.”

నిలకడ జాబితా వెతికింది. “ఆ కారణం జాబితాలో లేదు. మళ్ళీ చెప్పండి.”

“ఓర్వలేక కలిపాను. మంగ ఇంజను నా ఇంజన్ల కంటే బాగుందని ఓర్వలేక.” ఆమె గొంతు పైకి లేచింది. “నేను నేర్పిన పిల్ల నన్ను మించిపోయిందని! ఇంకేం కావాలి నీకు? దిద్దుబాటు తీసెయ్యి, తోడు పంపు!”

“ఇతరాలు” అని రాసుకుంది నిలకడ. అద్దం మీద ఎనభై పోయింది. అరవై మూడు పడింది. ఎర్రబడింది. మూడు నిమిషాలు నడుస్తుంటే సత్యవేణి ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. తర్వాత రేవులోంచి తోడుబోటు బయల్దేరిన కూత వినబడింది.

దాని వెనకాలే అద్దం కూసింది, మళ్ళీ కూసింది. ఆమె అద్దం వైపు తిరిగింది. ఎనభై తొమ్మిదో బోటు ముద్ర పగిలింది. నూట రెండు, ముద్ర పగిలింది. పద్నాలుగు. రెండు వందలు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మాణిక్యాంబకు పదహారు కలిపినది, మనకెంత కలిపిందో ఎవడికి తెలుసు అని ప్రతి సరంగుకూ ఒకేసారి తట్టింది. మూతలు లేచాయి. మాదిరి గీత అబద్ధమైపోయాక నిలకడ దేన్ని చూసి దేన్ని కొలవాలి? ‘సాధారణం’ అని రాసి ఉండే చోట మొదటిసారి ఏమీ రాయలేదు. ఖాళీగా ఉంది.

పర్యవేక్షకుడు లోవరాజు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

“ఏం చేశారండీ వేణిగారూ? నూట డెబ్బై ముద్రలు పోయినై! అన్నిటికీ తోడు పంపాలంటే మన దగ్గరున్నది ఆరు బోట్లు!”

“పంపక్కర్లేదు. వాళ్ళే చెయ్యి పెట్టి చూసుకుంటారు.”

“చెయ్యి పెట్టి చూసుకునేదానికి ఇదంతా ఎందుకండీ మరి?” అంటూ ఆయన గదంతా చూపించాడు. తర్వాత గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కుర్చీ ఖాళీ చెయ్యమని ఆమెను అనాల్సింది, కాని అనలేదు. తీగలు మోగుతున్నాయి, ఇంకెవరికీ ఆ పని తెలియదు.

పది ముప్పై అయిదుకి మాణిక్యాంబ తాడు తోడుబోటుకు తగులుకుంది. గోడకు వాళ్ళు రెండు తాళ్ళ దూరం దాకా వెళ్ళారట. నలుగురూ ఉన్నారు. సత్యవేణి కళ్ళు మూసుకుంది. తీగ తెరిచే ఉంది. తాడు బిగిసిన చప్పుడు, నీళ్ళు, మళ్ళీ తాడు.

“పదహారా?” అంది మంగ.

“పదహారు.”

“నా చెయ్యే పోయిందనుకున్నాను. ఇంజను నా మాట వినట్లేదని రోజూ ఏడ్చేదాన్ని. మా ఆయన్నడుగు.” ‘అక్కా’ అనే మాట రాలేదు. “వేడితలుపు తీసేటప్పుడు కూడా నిన్నే అడిగా.”

“అడిగావు.”

“నీ ఇష్టమన్నావు.”

“అన్నాను.” సత్యవేణి క్షమించమని అడగబోయి, ఆ మాట ఎంత చవకగా ఉంటుందో తెలిసి మానేసింది. దానికి బదులు ఆరేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్నది బయటికొచ్చింది. “పదహారు డిగ్రీలు అబద్ధం పోశాను మంగా. నీ గీత అర డిగ్రీ కదల్లేదు. నా చేతిలో ఆ ఇంజను ఉంటే రెండో వారానికే చేతులెత్తేసేదాన్ని. నా వల్ల అయ్యే పని కాదది.”

“ఈ మాట మైకు ముందు నాకు చప్పట్లు కొట్టిన రోజున చెప్పాల్సింది,” అంది మంగ. “గురువు పేరు చెప్దామని నీ మొహంలోకి చూశాను. మొహం తిప్పేసుకున్నావు.”

తీగ తెగిపోయింది. సత్యవేణి ఆ రోజును గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. చప్పట్లు గుర్తున్నాయి, తినని అన్నం గుర్తుంది. తన మొహం ఎటు తిరిగి ఉందో గుర్తు రాలేదు. మంగ చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది.

నలభై ఏడో తీగ మోగింది. సరంగు సూరాడ కోదండు, రేవులో అందరికంటే పెద్దవాడు.

“ఏమ్మా వేణీ, మూత తీసి చెయ్యెట్టా. రెండు లెక్క దాకా ఆగింది. మంచిదా, చెడ్డదా?”

“రెండంటే కాస్త చల్లగా ఉన్నట్టు బాబాయ్. వేడితలుపు ఉందా, పీకేశారా?”

“అది నీకెందుకు! నీ లెక్క నమ్మమంటావా మమ్మల్ని, ఇంత చేశాక?” ముసలాయన దగ్గాడు. “నువ్వు చెయ్యెడితే ఒక లెక్క, మంగ చెయ్యెడితే ఒక లెక్క. ఎవరిది నమ్మాలో అది చెప్పు ముందు.”

లోవరాజు తలెత్తి చూశాడు. అద్దం మీద సాధారణం గడి ఖాళీగానే ఉంది.

“మంగది,” అంది సత్యవేణి.

“ఏంటీ?”

“మంగది నమ్మండి బాబాయ్. ఒడ్డుకొచ్చాక దాన్నడగండి. అప్పటిదాకా వేగం తగ్గించి రండి.”

అన్నది నిజమే. అన్నందుకు కడుపులో మంట ఏమీ తగ్గలేదు, ఇంకొంచెం ఎక్కువైంది కూడా. నలభై ఎనిమిదో తీగ మోగింది. వాళ్ళూ అదే అడిగారు. ఆమె వాళ్ళకీ మంగ పేరే చెప్పి, నలభై తొమ్మిదో తీగ అందుకుంది.